తమ్ముడికి ఫెడరల్ టార్గెట్ లెటర్ వచ్చింది. లాయర్ లేకుండా వెళ్లి మాట్లాడొచ్చా?

గోదారి_గట్టు:

మా తమ్ముడు టెక్సస్‌లో, ఫ్రిస్కోలో చిన్న స్టాఫింగ్ కంపెనీ నడుపుతాడు. 2020లో కోవిడ్ టైములో పీపీపీ లోను (ఉద్యోగుల జీతాల కోసం ప్రభుత్వం చిన్న కంపెనీలకు ఇప్పించిన లోను) తీసుకున్నాడు, 1,80,000 డాలర్లు. తర్వాత అది మాఫీ కూడా అయింది. అప్లికేషన్ మొత్తం తెలిసిన అకౌంటెంట్ ఒకాయన నింపాడు, కమీషన్ కూడా తీసుకున్నాడు. 1099 మీద, అంటే జీతం ఉద్యోగులుగా కాకుండా పనిచేసే కాంట్రాక్టర్లను కూడా ఉద్యోగుల లెక్కలో కలిపేశాడని ఇప్పుడు తెలుస్తోంది.

పోయిన వారం తెల్లారకముందే ఇద్దరు ఏజెంట్లు ఇంటికొచ్చారు. తమ్ముడు ఊళ్లో లేడు. మా మరదలు తలుపు తీసి, నాకేమీ తెలియదండీ అంది. కార్డు ఇచ్చి వెళ్లిపోయారు. నిన్న యూఎస్ అటార్నీ ఆఫీసు (ఫెడరల్ ప్రాసిక్యూటర్ల ఆఫీసు) నుంచి ఉత్తరం వచ్చింది. గ్రాండ్ జూరీ (అభియోగం పెట్టాలా వద్దా తేల్చే పౌరుల బృందం) దర్యాప్తు జరుగుతోందనీ, అందులో నువ్వు టార్గెట్ అనీ, లాయర్‌ని పెట్టుకుని మమ్మల్ని సంప్రదించమనీ ఉంది. లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేకపోతే ఫెడరల్ పబ్లిక్ డిఫెండర్‌ని, అంటే ప్రభుత్వం ఇచ్చే లాయర్‌ని, అడగమని కూడా రాశారు.

ఇంట్లో తలా ఒక మాట అంటున్నారు. బాబాయేమో, ఫైళ్లన్నీ పట్టుకెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పేయ్, లాయర్‌ని పెడితే తప్పు చేశావనే అనుకుంటారు అంటాడు. తమ్ముడేమో తన గ్రీన్ కార్డు చేసిన లాయర్ ఉన్నాడుగా, ఆయన్నే అడుగుదాం అంటాడు. ఆ అకౌంటెంట్ రోజూ ఫోన్ చేసి, ఇద్దరం ఒకే మాట మీద ఉందాం అంటున్నాడు. అయిదేళ్లు దాటిపోయింది కాబట్టి ఇక కేసు పెట్టలేరని ఇంకెవరో అన్నారు. తమ్ముడి సిటిజన్‌షిప్ అప్లికేషన్ పెండింగులో ఉంది. నాకు నిద్ర పట్టడం లేదు. ఈ దారిలో నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

ప్లేనో_నాన్న:

గాబరా పడకండి. మా ఫ్రెండుకి కూడా పీపీపీ గురించి ఎస్‌బీఏ (ఈ లోన్లు చూసే ప్రభుత్వ సంస్థ) నుంచి లెటర్ వచ్చింది. పేరోల్ కాగితాలు పంపాడు, అంతటితో అయిపోయింది. తప్పు చేయనప్పుడు భయమెందుకు? నిజాయితీగా మాట్లాడితే వాళ్లూ మనుషులే, అర్థం చేసుకుంటారు. లాయర్లు డబ్బు గుంజడం తప్ప చేసేదేమీ ఉండదు.

ఇర్వింగ్_వదిన:

గోదారి_గట్టు గారూ, మీ తమ్ముణ్ణి ఎక్కడికీ వెళ్లనివ్వకండి. ఎవరితోనూ మాట్లాడనివ్వకండి. మిగతాదంతా ఆ తర్వాత.

ప్లేనో_నాన్న గారూ, మీ స్నేహితుడికి వచ్చింది లోను రివ్యూ. దానికి కాగితాలు పంపడం సరైన పనే. ఇది అది కాదు. ఫెడరల్ ప్రాసిక్యూటర్లు మనుషుల్ని మూడు రకాలుగా చూస్తారు. సాక్షి, దర్యాప్తు పరిధిలో ఉన్న మనిషి, టార్గెట్. టార్గెట్ అన్నారంటే అతనికీ నేరానికీ ముడిపెట్టే గట్టి సాక్ష్యం తమ దగ్గర ఉందనీ, అతన్ని ముద్దాయిగా నిలబెట్టే ఆలోచనలో ఉన్నామనీ అర్థం. నిర్ణయం సగం అయిపోయాక వెళ్లి మంచితనం చూపిస్తే వాళ్లు మెత్తబడరు. మన నోటి మాటలు వాళ్ల ఫైల్లో చేరతాయి, అంతే.

మావారి మీద ఫెడరల్ కేసు నడిచింది. ఆయన భాగస్వామిగా ఉన్న మెడికల్ బిల్లింగ్ కంపెనీ వ్యవహారం, వైర్ ఫ్రాడ్ (ఫోన్, ఈమెయిల్ లాంటివి వాడి చేసిన మోసం) కుట్ర అని అభియోగం. మా ఇంటికి వచ్చింది కూడా ఇద్దరే, చాలా మర్యాదగా మాట్లాడారు. మావారు వాళ్లను వంటింటి టేబుల్ దగ్గర కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. నేను పక్కనే పిల్లాడికి లంచ్ బాక్స్ సర్దుతున్నాను. ఒకాయన అడుగుతున్నాడు, రెండో ఆయన పసుపు ప్యాడ్ మీద రాసుకుంటున్నాడు. రికార్డర్ ఏదీ లేదు. ఫలానా ఈమెయిల్ మీరు చూశారా అంటే, చూడలేదు అన్నారు మావారు. ఎప్పటిదో పాత ఈమెయిల్, ఆయనకు నిజంగానే గుర్తు లేదు. కానీ దానికి ఆయనే సరే అని జవాబిచ్చిన కాపీ వాళ్ల ఫోల్డర్లో అప్పటికే ఉంది. వాళ్లు చెబుతున్నంతసేపూ, మావారు వింటున్నాను అన్నట్టు తల ఊపుతూ కూర్చున్నారు. ఎఫ్‌బీఐ వాళ్లు ఆఫీసుకి వెళ్లి 302 అనే ఫారం మీద రిపోర్టు టైపు చేస్తారు. తల ఊపినవన్నీ అందులో ఒప్పుకున్నట్టుగా వచ్చాయి. ఆ ఒక్క "చూడలేదు" మీద ఇంకో అభియోగం తోడైంది. ఫెడరల్ ఏజెంటుకు తెలిసి అబద్ధం చెబితే, ప్రమాణం చేయకపోయినా, అయిదేళ్ల దాకా శిక్ష పడే నేరం. సెక్షన్ 1001 అంటారు. అసలు కేసు నిలబడకపోయినా ఈ ఒక్కటి నిలబడొచ్చు.

మీ బాబాయి గారికి నా మాటగా చెప్పండి. నోరు మూసుకునే హక్కు ఇక్కడ రాజ్యాంగం అయిదో సవరణలో ఉంది. లాయర్‌ని పెట్టుకున్నాడు కాబట్టి తప్పు చేశాడని జూరీ ముందు ప్రాసిక్యూటర్ వాదించడానికి వీల్లేదు. పైగా ఆ ఉత్తరంలో వాళ్లే లాయర్‌ని పెట్టుకోమని రాశారు కదా. లాయర్ ఫోన్ చేస్తే వాళ్లకు కోపం రాదు. వాళ్లు ఎదురుచూసేదే ఆ ఫోన్ కోసం.

అయిదేళ్ల మాట పక్కన పెట్టేయండి. మామూలు ఫెడరల్ నేరాలకు గడువు అయిదేళ్లే, నిజం. కానీ పీపీపీ మోసాలకు దాన్ని పదేళ్లు చేస్తూ 2022 ఆగస్టులో చట్టం వచ్చింది. 2020 నాటి లోను మీద 2030లో కూడా కేసు పెట్టొచ్చు.

ఇక లాయర్ విషయం. గ్రీన్ కార్డు చేసిన లాయర్ ఎంత మంచివాడైనా ఈ పనికి కాదు. కౌంటీ కోర్టులో డీడబ్ల్యూఐ (తాగి కారు నడిపిన) కేసులు చూసే లాయర్ కూడా కాదు. ఫెడరల్ కోర్టు వేరే లోకం. రూల్స్ వేరు, శిక్ష లెక్కగట్టే పద్ధతి వేరు. ఫ్రిస్కో ఈస్టర్న్ డిస్ట్రిక్ట్ ఆఫ్ టెక్సస్ కిందికి వస్తుంది. ప్లేనోలోనూ షెర్మన్‌లోనూ ఆ కోర్టులున్నాయి. డల్లాస్ నార్తర్న్ డిస్ట్రిక్ట్ కిందికి పోతుంది. కాబట్టి ఆ ప్లేనో, షెర్మన్ జడ్జీల ముందు, ఆ ప్రాసిక్యూటర్లతో పనిచేసిన క్రిమినల్ డిఫెన్స్ లాయర్ కావాలి. వెబ్‌సైట్లో ఫొటోలు, నక్షత్రాలు చూసి వెళ్లకండి. పేసర్ అని ఫెడరల్ కోర్టుల రికార్డుల సైట్ ఉంది. పేజీకి పది సెంట్లు, ఒక్కో డాక్యుమెంటుకు గరిష్ఠంగా మూడు డాలర్లు. మూడు నెలల్లో బిల్లు 30 డాలర్లు దాటకపోతే అసలు తీసుకోరు. తమ్ముడి కేసులాంటివి అందులో వెతికి, ముద్దాయి తరఫున ఎవరి పేర్లున్నాయో, ఏం మోషన్లు (జడ్జిని అడుగుతూ వేసే అర్జీలు) వేశారో చూడండి. నేను రాత్రిళ్లు కూర్చుని అదే చేశాను. టీవీలో కనిపించే లాయర్ ఒకాయన దాఖలు చేసిన కాగితాల్లో వాయిదా అడిగినవి తప్ప నాకేమీ దొరకలేదు. పేరు ఎప్పుడూ వినని ఒకావిడ మాత్రం ఇరవై ముప్ఫై పేజీల వాదనలు రాసింది. మేము ఆవిడ దగ్గరకే వెళ్లాం.

మొదటి మీటింగులో ఈ మాటలు అడగండి. కేసు మీరే చూస్తారా, జూనియర్‌కి ఇస్తారా? అభియోగం నమోదు కాకముందు మీరు చేసే పని ఏమిటి? ఫీజు ఏ దశ దాకా? ఎక్కువమంది దశలవారీగా తీసుకుంటారు, దర్యాప్తు వరకు ఇంత, అభియోగం వచ్చాక ఇంత, ట్రయల్‌కి వెళ్తే వేరే. అదంతా రాతపూర్వకంగా ఉండాలి. గెలిస్తేనే ఫీజు అని క్రిమినల్ కేసుల్లో ఒప్పందం చేసుకోవడం నిషేధం. అలా చెప్పినవాణ్ణి, కేసు కొట్టేయిస్తానని గ్యారంటీ ఇచ్చినవాణ్ణి అక్కడే వదిలేసి రండి.

డబ్బు లేకపోతే ఇల్లు అమ్మేయకండి. పబ్లిక్ డిఫెండర్ అంటే మనవాళ్లకు చిన్నచూపు. ఫెడరల్ డిఫెండర్లు పొద్దున లేస్తే ఈ కోర్టు కేసులే చూస్తారు, ఆ జడ్జీలు వాళ్లకు కొట్టినపిండి. ఆస్తి, ఆదాయం వివరాలు ప్రమాణపూర్వకంగా ఫారంలో రాసిస్తే, అర్హత ఉందో లేదో కోర్టు చూస్తుంది. ఆ ఫారంలో కూడా ఒక్క డాలరు దాచకూడదు.

ఫీజు మీరు కడుతున్నా లాయర్‌కి క్లయింటు మీ తమ్ముడే. ఇది మీకు కష్టంగా ఉంటుంది, నాకు తెలుసు. మా అత్తగారు ప్రతి మీటింగుకీ వస్తానన్నారు, లాయరమ్మ గుమ్మం దగ్గరే ఆపేసింది. క్లయింటు లాయర్‌తో చెప్పే మాటలకు రక్షణ ఉంది. మూడో మనిషి గదిలో కూర్చుంటే ఆ రక్షణ పోవచ్చు. భార్యను భర్త మీద సాక్ష్యం చెప్పమని ఫెడరల్ క్రిమినల్ కోర్టులో బలవంతపెట్టలేరు, ఆవిడ ఇష్టం. అక్కాచెల్లెళ్లకూ అమ్మానాన్నలకూ ఆ వెసులుబాటు లేదు. గ్రాండ్ జూరీ సబ్‌పీనా (తప్పక రావాలన్న ఆదేశం) పంపి, నీ తమ్ముడు నీతో ఏం చెప్పాడు అని మిమ్మల్ని అడగొచ్చు. అందుకే ప్రేమ కొద్దీ కూడా, అసలేం జరిగిందిరా అని అడక్కండి. అన్నం తిన్నావా అని అడగండి చాలు.

వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ కూడా తుడిచేయకూడదు. పాత లాప్‌టాప్ పారేయకూడదు. లెక్కల పుస్తకాల్లో కొత్తగా ఏమీ దిద్దకూడదు. దర్యాప్తును అడ్డుకోవాలని రికార్డులు నాశనం చేస్తే ఇరవై ఏళ్ల దాకా శిక్ష ఉంది, అసలు కేసులో పడేదానికన్నా అదే ఎక్కువ కావచ్చు. అన్నీ ఉన్నవి ఉన్నట్టు లాయర్‌కి అప్పగించండి.

ఇప్పుడు ఆ అకౌంటెంట్. మీ పోస్టులో నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే. "ఒకే మాట మీద ఉందాం" అన్నమాట రేపు కోర్టులో సాక్షిని తారుమారు చేయడంగా, కుట్రగా కనిపిస్తుంది. ఇంకోటి, అతను ఇప్పటికే ప్రభుత్వం వైపు వెళ్లిపోయి ఉండొచ్చు. ఫోన్లో ఉన్న ఇద్దరిలో ఒకరికి తెలిస్తే చాలు, ఫెడరల్ చట్టం ప్రకారం రికార్డు చేయొచ్చు. టెక్సస్ చట్టమూ అంతే. ఆయన ఫోన్లు ఎత్తవద్దు, మెసేజ్‌కి జవాబు వద్దు. అతను చెప్పిన లాయర్ అసలే వద్దు. అకౌంటెంట్ చెప్పాడు కాబట్టి నమ్మి సంతకం పెట్టాను అన్నదే మీ తమ్ముడి వాదన కావచ్చు. ఇద్దరికీ ఒకే లాయర్ ఉంటే ఆ మాట ఎవరు అంటారు?

లాయర్ వచ్చాక మారేదేమిటంటే, ఏజెంట్లు మామూలుగా ఇక మీ తమ్ముడితో నేరుగా మాట్లాడరు, లాయర్‌తోనే మాట్లాడతారు. ప్రాసిక్యూటర్ దగ్గర ఏముందో లాయర్ తెలుసుకుంటుంది. మోసం చేసే ఉద్దేశం లేదని చూపే కాగితాలుంటే అభియోగానికి ముందే చూపించే ప్రయత్నం చేస్తుంది. కొన్ని కేసులు అక్కడే ఆగిపోతాయి, కొన్ని సివిల్ వైపు మళ్లి డబ్బు తిరిగి కట్టడంతో తేలతాయి. ఆగకపోతే, చేతులకు బేడీలు వేసి ఇంట్లోంచి తీసుకెళ్లకుండా, చెప్పిన రోజున తనే వచ్చి హాజరయ్యేలా మాట్లాడుతుంది. కూర్చుని అంతా చెప్పమని ప్రాసిక్యూటర్లు పిలుస్తారు, ప్రాఫర్ అంటారు. దానికి ముందు ఒక ఒప్పందం మీద సంతకం చేయిస్తారు. ఆ కాగితం ఇచ్చే రక్షణ చాలామంది అనుకునేదానికన్నా తక్కువ. లాయర్ కేసంతా చూశాక వెళదాం అంటేనే వెళ్లాలి.

గ్రాండ్ జూరీలో 16 నుంచి 23 మంది ఉంటారు, 12 మంది ఒప్పుకుంటే అభియోగం ఖాయం. ఆ గదిలోకి డిఫెన్స్ లాయర్‌ని రానివ్వరు. అందుకే అక్కడ తేల్చుకుందామని ఆశ పెట్టుకోకండి.

మావారిని అరెస్టు చేసిన రోజు మధ్యాహ్నం మెజిస్ట్రేట్ జడ్జి ముందుకు తెచ్చారు. పక్క తలుపులోంచి వచ్చారు. కాళ్లకు గొలుసు, బెల్టు లేదు, షూలకు లేసులు లేవు. ప్యాంటు జారిపోకుండా మోచేతితో అదిమి పట్టుకుని నడుస్తున్నారు. నాకు మూడు వరుసల దూరం. పలకరించకూడదు. ఆ ఉదయమే ప్రీట్రయల్ సర్వీసెస్ ఆఫీసర్ (ముద్దాయిని బయటికి వదలొచ్చా లేదా అని కోర్టుకు రిపోర్టు ఇచ్చే ఆఫీసర్) నాకు ఫోన్ చేసి ఎక్కడుంటారు, ఎన్నేళ్లుగా, పాస్‌పోర్టులు ఎక్కడ, ఇంట్లో తుపాకీ ఉందా అని అడిగింది. ఆయన చెప్పినవి నిజమో కాదో చూడటానికే ఆ ఫోన్. లాయర్ ముందే చెప్పి ఉంచడంతో పాస్‌పోర్టులు, ఇంటి కాగితాలు, స్కూలు ఉత్తరాలు ఒక కవర్లో పెట్టి కోర్టుకు తీసుకెళ్లాను. ఇక్కడ చాలాసార్లు సినిమాల్లోలాగా డబ్బు కట్టి బయటికి రావడం ఉండదు. పారిపోతే ఇంత కడతానని సంతకం చేసి, పాస్‌పోర్టు అప్పగించి వస్తారు. పారిపోతాడని అనుమానం ఉంటే లోపలే ఉంచమని ప్రభుత్వం అడుగుతుంది. ఇండియాలో ఇల్లు, పొలం, అమ్మానాన్న ఉన్నవాళ్ల విషయంలో ఆ వాదన తప్పకుండా వస్తుంది. దాన్ని ఎదుర్కోవడానికి లాయర్‌కి ముందునుంచే సరుకు కావాలి.

తర్వాత సాక్ష్యాలు వచ్చాయి. ఒక హార్డ్ డిస్క్ నిండా. మావారు వాటిని లాయర్ ఆఫీసులో కూర్చుని ఒక్కో ఇన్‌వాయిస్ చొప్పున వరస పెట్టారు. ప్రభుత్వం చెప్పిన నష్టం తొమ్మిది లక్షల డాలర్లు. అందులో నిజంగా పనిచేసి వేసిన బిల్లులు కూడా కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీస్తే నాలుగు లక్షల పైచిలుకు తేలింది. ఇది చిన్న సంగతి కాదు. మోసం కేసుల్లో శిక్షకు వెన్నెముక ఆ నష్టం అంకె. మావారికి వర్తించిన పట్టికలో నష్టం 5,50,000 డాలర్లు దాటితే శిక్ష లెక్కలో 14 లెవెల్స్ (మెట్లు) కలుస్తాయి, దాని కింద 2,50,000 దాకా అయితే 12. ఆ పట్టిక 2005 నుంచి జడ్జీకి తప్పనిసరి కాదు, కానీ ప్రతి జడ్జీ లెక్క అక్కడే మొదలుపెడతారు. పేపర్లలో ఇరవై ఏళ్లు, ముప్ఫై ఏళ్లు అని రాసేది గరిష్ఠ శిక్ష. దాన్ని చూసి గుండె ఆపుకోకండి.

ఫెడరల్ కేసుల్లో నూటికి తొంభైకి పైగా నేరం ఒప్పుకోవడంతోనే ముగుస్తాయి. అది సిగ్గుపడాల్సిన పనీ కాదు, తేలిగ్గా చేయాల్సిన పనీ కాదు. ఒప్పుకోవాలా, ట్రయల్‌కి వెళ్లాలా అన్నది ముద్దాయి ఒక్కడి నిర్ణయం. లాయర్‌ది కాదు, మా అత్తగారిది కాదు, నాదీ కాదు. మావారు ఒక్క అభియోగం ఒప్పుకున్నారు, ఆ 1001ది తీసేశారు. జడ్జి ముందు మా లాయర్ అడిగింది పన్నెండు నెలలు కాదు, పన్నెండు నెలల ఒక రోజు! నాకు ముందు అర్థం కాలేదు. ఫెడరల్ జైళ్లలో పెరోల్ లేదు, 1987 నవంబరు నుంచి చేసిన నేరాలకు దాన్ని ఎత్తేశారు. మంచి ప్రవర్తనకు ఏడాదికి 54 రోజుల దాకా తగ్గుతుంది, కానీ శిక్ష ఏడాది దాటితేనే. ఆ ఒక్క రోజు ఎక్కువ అడగడం వల్ల ఆయన దాదాపు రెండు నెలలు ముందు ఇంటికొచ్చారు. మంచి లాయర్ అంటే నా దృష్టిలో అదీ.

మావారు సిటిజన్. మీ తమ్ముడు కాదు. ఆ సంగతి తెలిసినవాళ్లు చెబితే బాగుంటుంది.

కాగితాల_పిచ్చి:

ఇమిగ్రేషన్ ఆఫీసులో పారాలీగల్‌గా, అంటే లాయర్లకు సహాయంగా, పనిచేస్తాను. నేను లాయర్‌ని కాదు. పై పోస్టులో ప్రతి మాటా అచ్చంగా నిజం. నా వంతు కలుపుతున్నాను.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు మోసం కేసులో అసలు ప్రమాదం జైలు కాదు, 10,000 డాలర్లు. మోసంలో బాధితుడికి నష్టం ఆ అంకె దాటితే ఇమిగ్రేషన్ చట్టం దాన్ని అగ్రవేటెడ్ ఫెలనీ అంటుంది. ఒక్క రోజు జైలు పడకపోయినా సరే. అక్కణ్ణుంచి దేశం పంపించేయకుండా ఆపుకునే దారులు దాదాపు మూసుకుపోతాయి. నష్టం అంకె అభియోగంలో లేకపోయినా ఫర్వాలేదని సుప్రీంకోర్టు 2009లో నిఝావన్ కేసులో చెప్పింది. శిక్ష వేసేటప్పుడు ఒప్పుకున్న లెక్కలు చూసి కూడా తేల్చొచ్చు. అంటే ప్లీ కాగితంలో (నేరం ఒప్పుకుంటూ రాసే ఒప్పందంలో) ఏ నేరం పేరు రాశారన్నదే కాదు, ఏ అంకె రాశారన్నది కూడా ముఖ్యం. దాని మీద సంతకం పెట్టకముందే ఇమిగ్రేషన్ తెలిసిన లాయర్ ప్రతి వాక్యం చదవాలి. తమ్ముడి పాత లాయర్ పనికొచ్చేది ఇక్కడ. ఆయన క్రిమినల్ ఇమిగ్రేషన్ చూస్తారో లేదో అడగండి, చూడకపోతే చూసేవాళ్లను డిఫెన్స్ లాయర్ ద్వారానే పెట్టించండి.

నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపించేసే ప్రమాదం ఉందా అన్నది చెప్పడం డిఫెన్స్ లాయర్ బాధ్యత. 2010లో పడీయా కేసులో సుప్రీంకోర్టు తేల్చిన విషయం. 2017లో లీ అనే ఆయన కేసులో, ఏమీ కాదు ఒప్పుకో అని లాయర్ తప్పు సలహా ఇచ్చాడని ఒప్పుకోలునే పక్కన పెట్టే అవకాశం ఇచ్చింది. కానీ లీకి ఆ తీర్పు ఒప్పుకున్న ఎన్నో ఏళ్లకు వచ్చింది. ముందే అడగడం మేలు.

సిటిజన్‌షిప్ అప్లికేషన్: ఇంటర్వ్యూకి పిలుపొస్తే డిఫెన్స్ లాయర్‌ని అడగకుండా వెళ్లొద్దు. అరెస్టు కాకపోయినా మీరెప్పుడైనా నేరం చేశారా అన్న ప్రశ్న ఆ ఫారంలో ఉంది. ఆఫీసర్ ప్రమాణం చేయించి మరీ అడుగుతాడు. ఇప్పుడు దానికి ఏ జవాబు చెప్పినా చిక్కే.

ఇండియా ప్రయాణాలు కూడా ఇప్పుడు వద్దు. పారిపోతున్నాడని ఒకవైపు అంటారు, తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఇంకోవైపు ఆపుతారు.

ఇంకొక్కటి. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో ప్రభుత్వమే ఒక ఉత్తుత్తి కాలేజీ పెట్టిన సంగతి 2019లో బయటపడింది, మీకు గుర్తుండే ఉంటుంది. చాలామంది తెలుగు పిల్లలు అందులో చిక్కుకున్నారు. వాళ్లను చేర్పించినవాళ్ల మీద క్రిమినల్ కేసులు పడ్డాయి. విద్యార్థుల్లో ఎక్కువమందిని పట్టుకుంది మాత్రం ఇమిగ్రేషన్ ఉల్లంఘన కింద. క్రిమినల్ కోర్టులో స్తోమత లేనివాడికి ప్రభుత్వం లాయర్‌ని ఇవ్వాలి, 1963 నాటి గిడియన్ తీర్పు నుంచి రాష్ట్రాల కోర్టుల్లో కూడా అది హక్కు. ఇమిగ్రేషన్ కోర్టులో ఆ హక్కు లేదు, డబ్బు పెట్టుకోవాలి లేదా ఒంటరిగా నిలబడాలి. మీ తమ్ముడికి రెండు కోర్టులూ ఎదురుకావచ్చు. ఫీజు డబ్బంతా మొదటిదానికే అయిపోకుండా చూసుకోండి.

గోదారి_గట్టు:

ఇర్వింగ్_వదిన గారూ, కాగితాల_పిచ్చి గారూ, మీకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. మీ పోస్టులు తమ్ముడికీ బాబాయికీ చదివి వినిపించాను. బాబాయి కాసేపు ఏమీ అనలేదు, తర్వాత తనే పేసర్ ఖాతా తెరిచి ఇచ్చాడు. ప్లేనో కోర్టులో కేసులు చూసే ఇద్దరు లాయర్లతో అపాయింట్‌మెంట్లు తీసుకున్నాం. అకౌంటెంట్ నంబరు తమ్ముడు బ్లాక్ చేస్తానంటున్నాడు, చేయొచ్చా? ఇంకో విషయం, అమ్మకు ఇంకా చెప్పలేదు. వచ్చే నెల ఆవిడ ఇక్కడికి రావాలి, టికెట్ కూడా తీశాం. రమ్మనమంటారా, వద్దంటారా?

ఇర్వింగ్_వదిన:

బ్లాక్ చేయొచ్చు, కానీ పాత మెసేజ్‌లూ కాల్ లిస్టూ పోకుండా చూసుకోండి. బ్లాక్ చేసేముందు లాయర్‌ని ఒక్క మాట అడిగితే ఇంకా మంచిది. ఆ మెసేజ్‌లు మీ తమ్ముడికే పనికిరావచ్చు, ఎవరు ఎవరిని ఒత్తిడి చేశారో వాటిలోనే ఉంటుంది. ఇద్దరు లాయర్లనూ కలిశాకే నిర్ణయించుకోండి. మొదటి మీటింగుకి ఉత్తరం, ఏజెంట్ల కార్డు, లోను అప్లికేషన్ కాపీ పట్టుకెళ్తే చాలు. తమ్ముడొక్కడే లోపలికి వెళ్లాలి. డబ్బు మాటలప్పుడు మీరు వెళ్లండి.

అమ్మను రానివ్వండి. ఆవిడ వస్తే మీ మరదలికి తోడు దొరుకుతుంది. ఆ అమ్మాయి గురించి మీ పోస్టుల్లో ఒక్క ముక్కే ఉంది, ఆవిడ ఎలా ఉందో కాస్త చూసుకోండి. అమ్మకు చెప్పేటప్పుడు కంపెనీ మీద గవర్నమెంటు విచారణ జరుగుతోంది, లాయర్ చూసుకుంటున్నాడు అన్నంత వరకే చెప్పండి. లోను, అకౌంటెంట్, లెక్కలు ఏవీ వద్దు. ఆవిడ ఫోన్లో మీ పెద్దమ్మకు చెబుతారు, పెద్దమ్మ ఇంకొకరికి చెబుతారు, అది తిరిగి తిరిగి ఆ అకౌంటెంట్ ఇంటికి చేరడానికి ఒక పూట చాలు. ఏజెంట్లు మళ్లీ వస్తే మరదలు ఏం చెప్పాలో కూడా లాయర్‌నే అడిగి రాసి పెట్టుకోండి. "మా లాయర్‌తో మాట్లాడండి" అని చెప్పి, లాయర్ కార్డు ఇచ్చి తలుపు వేసేయమనే చెబుతారు. లాయర్ కుదరగానే కార్డులు రెండు తీసుకుని ఒకటి తలుపు పక్కన, ఒకటి ఆవిడ పర్సులో పెట్టించండి.